గ్రీకు నాటకం మాటలు బట్టీ పడితే గుర్తుండట్లేదు. అసలివి ఎక్కడ పుట్టాయి?

వేసవిజల్లు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. ఎమ్మే ఇంగ్లిష్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ప్రాచీన గ్రీకు నాటకం మీద మాకొక యూనిట్ ఉంది. నోట్సులో మాటలన్నీ వరసగా ఇచ్చి, పక్కన ఒక్కో లైను అర్థం రాశారు. హమార్షియా అంటే నాయకుడి స్వభావంలోని లోపం. కథార్సిస్ అంటే భావాల ప్రక్షాళన. ట్రాజెడీ అంటే విషాదాంత నాటకం. ఇంకా కోరస్, స్కీనీ, పారడోస్, స్ట్రోఫీ, ఇలా రెండు పేజీలు. రాత్రి చదివినవి పొద్దునకల్లా పోతున్నాయి. పరీక్ష మూడు వారాల్లో ఉంది, టెన్షన్‌గా ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మొన్న లైబ్రరీలో యూరిపిడిస్ 'అయాన్' చదివాను. అందులో తల్లీకొడుకులు ఒకరెవరో ఒకరికి తెలియక చంపుకోబోతారు. చివరికి గుర్తుపట్టుకుని సంతోషంగా ఇంటిదారి పడతారు. దాన్నీ ట్రాజెడీ అనే అంటున్నారు. మరి విషాదాంతం ఎక్కడుంది? క్లాసులో అడిగితే "పరీక్షలో ఇలాంటివి రాయకు" అన్నారు.

ఆ మాటల్ని అప్పటి జనం దేనికి వాడేవాళ్ళో తెలిస్తే గుర్తుంటాయేమో అనిపిస్తోంది. తెలిసినవాళ్ళు కాస్త చెప్తారా?

లిపిపిచ్చి | సోమవారం, రాత్రి 9:47

మీకొచ్చిన అనుమానం నూటికి నూరుపాళ్ళు సరైనది. దాన్ని వదలకండి.

గ్రీకులో 'ట్రాగోస్' అంటే మేకపోతు, 'ఓడీ' అంటే పాట. 'ట్రాగోడియా' అంటే మేకపోతు పాట. ఆ మాటలో ఏడుపూ లేదు, చావూ లేదు. పోటీలో గెలిచినవాడికి మేకపోతును ఇచ్చేవాళ్ళు కాబట్టి ఆ పేరొచ్చిందని ఒక వాదం. పారోస్ దీవిలో చెక్కిన పాత శాసనం ఒకటి, మొదటి నాటకకర్తగా చెప్పే థెస్పిస్ గురించి చెప్తూ మేకపోతును బహుమానంగా పేర్కొంటుంది. మేకపోతును బలి ఇచ్చేటప్పుడు పాడే పాట కాబట్టి అని ఇంకో వాదం. నాకు రెండోదే నచ్చుతుంది.

'విషాదాంతం' అనేది మనం తగిలించిన అర్థం. సోఫోక్లిస్ 'ఫిలోక్టెటిస్', యూరిపిడిస్ 'హెలెన్', మీరు చదివిన 'అయాన్' ఏవీ విషాదంగా ముగియవు. 'ఒరెస్టీయా' మూడు నాటకాల్లో రక్తం ఏరులై పారినా, చివర్లో దివిటీలు పట్టుకుని ఊరేగింపుగా వెళ్తారు. గ్రీకులకు ట్రాజెడీ అంటే ఒక రకం ప్రదర్శన. ఫలానా పండగలో, ఫలానా దేవుడి ముందు, మాస్కులతో, కోరస్‌తో (కలిసి పాడుతూ నాట్యమాడే బృందంతో) పాత కథను గంభీరంగా ఆడటం. ఎలా ముగుస్తుందనేది తర్వాతి సంగతి.

మిగతా మాటలు కూడా ఇలా నేలమీదివే. 'థియేట్రాన్' అంటే చూసే చోటు. 'ఆర్కెస్ట్రా' అంటే నాట్యమాడే చోటు, వాద్యబృందం కాదు. 'స్కీనీ' అంటే డేరా. నటులు లోపలికెళ్ళి బట్టలూ మాస్కులూ మార్చుకునే డేరా. తర్వాత అది చెక్క కట్టడమైంది, రాజభవనమైంది, గుడి అయింది, పేరు మాత్రం డేరాగానే మిగిలింది. మన సినిమావాళ్ళు రోజూ అనే 'సీన్' ఆ డేరాయే.

పాతపుస్తకం | సోమవారం, రాత్రి 10:31

అమ్మా, లిపిపిచ్చి గారు మాటల సంగతి బాగా చెప్పారు. నేను దేవుడి సంగతి చెప్తాను. దేవుణ్ణి పక్కన పెట్టి ఈ నాటకాలు చదివితే, పెళ్ళికూతురు లేని పెళ్ళిలా ఉంటాయి.

ఈ నాటకాలు ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళి చూసేవి కావు. ఏథెన్స్‌లో ఎలాఫెబోలియన్ నెలలో, అంటే మన లెక్కన మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో, 'మహా డయోనీసియా' అనే పండగ జరిగేది. అది డయోనైసస్ పండగ. ఆయన ద్రాక్షసారాయి దేవుడు, పూనకం దేవుడు, మాస్కు దేవుడు. అక్కడ ఆయన పేరు 'డయోనైసస్ ఎలూథెరియస్'. ఎలూథెరాయి అనే సరిహద్దు ఊరు నుంచి వచ్చినవాడు అని.

ఆ రాక వెనక ఒక కథ ఉంది. ఎలూథెరాయి నుంచి పెగాసస్ అనే ఆయన (రెక్కల గుర్రం కాదు, మనిషే) దేవుడి విగ్రహాన్ని ఏథెన్స్‌కు తెచ్చాడు. ఏథెన్స్‌వాళ్ళు మర్యాద చేయలేదు. దేవుడికి కోపం వచ్చింది. ఊళ్ళో మగవాళ్ళందరికీ మర్మాంగాల్లో రోగం పుట్టింది. ఏ వైద్యానికీ లొంగలేదు. దైవవాణిని అడిగితే, ఆ దేవుణ్ణి ఘనంగా ఆదరిస్తే తప్ప తగ్గదని వచ్చింది. అప్పుడు లింగాకారాలు చేయించి మోసుకుంటూ ఊరేగించారు. పండగ ఊరేగింపులో వాటిని మోయడం అప్పట్నుంచీ ఆచారమైందని కథ.

ఇప్పుడు అసలు విషయం. ప్రతి ఏటా పండగకు ముందు విగ్రహాన్ని గుళ్ళోంచి తీసి, ఊరి బయట అకాడమీ అనే తోట దగ్గరున్న చిన్న గుడికి తీసుకెళ్ళేవాళ్ళు. అక్కడ పూజలు చేసి, దివిటీల వెలుగులో మళ్ళీ ఊళ్ళోకి తెచ్చేవాళ్ళు. దాన్ని 'ఐసగోగే' అన్నారు, అంటే లోపలికి తీసుకురావడం. అంటే తాతల కాలంలో చేసిన తప్పును ఊరంతా కలిసి ఏటేటా దిద్దుకునేది. "వచ్చావా స్వామీ, ఈసారి నిన్ను కాదనం" అని.

డయోనైసస్ పురాణాల్లో చాలావాటికి మూలం ఇదే. దేవుడు బయటనుంచి వస్తాడు, ఎవరో ఒకరు కాదంటారు, వాళ్ళ కొంప మునుగుతుంది. థ్రేస్ రాజు లికర్గస్ కాదన్నాడు, పిచ్చెక్కి కన్నకొడుకునే నరికాడు. తీబ్స్ రాజు పెంథియస్ కాదన్నాడు, తల్లి చేతుల్లోనే ముక్కలయ్యాడు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, ఆ రెండు పేజీల మాటల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

పెన్నేటిగట్టు | మంగళవారం, ఉదయం 6:20

పాతపుస్తకం గారూ, ఇంతకీ నాటకం మొదటగా కట్టిన థెస్పిస్‌ది ఏథెన్స్ కాదు కదా? ఇకారియా అనే పల్లె అని ఎక్కడో చదివాను.

పాతపుస్తకం | మంగళవారం, ఉదయం 7:05

అవునండీ, ఇకారియానే. ఏథెన్స్‌కు ఉత్తరాన కొండ పక్క పల్లె. ఇప్పుడు ఆ ప్రాంతాన్ని డియోనిసోస్ అనే పిలుస్తారు. క్రీ.పూ. 534 ప్రాంతంలో థెస్పిస్ ఏథెన్స్‌లో మొదటిసారి ట్రాజెడీ ఆడాడని సంప్రదాయం. కోరస్‌లోంచి ఒక మనిషి విడిగా నిలబడి, ఇంకొకరిగా మారి మాట్లాడటం ఆయనతో మొదలైందంటారు.

ఆ పల్లెకూ ఒక కథ ఉంది. నాకు చాలా ఇష్టమైనది. ఇకారియస్ అనే రైతు డయోనైసస్‌ను ఇంటికి పిలిచి అన్నం పెట్టాడు. దేవుడు సంతోషించి ద్రాక్షసారాయి చేయడం నేర్పాడు. ఇకారియస్ దాన్ని తిత్తుల్లో నింపి బండి మీద వేసుకుని, దారిలో గొర్రెలకాపర్లకు పోశాడు. వాళ్ళు నీళ్ళు కలపకుండా తాగారు. తల తిరిగింది, కాళ్ళు తడబడ్డాయి. ఇతగాడు మనకు విషం పెట్టాడనుకుని అతన్ని కొట్టి చంపి ఒక చెట్టు కింద పాతిపెట్టారు. కూతురు ఎరిగోనే నాన్న కోసం ఊరూరా వెతికింది. ఇంటి కుక్క మైరా ఆమెను ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె అక్కడే ఉరిపోసుకుంది. ఆ తర్వాత ఏథెన్స్‌లో ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఉరిపోసుకోసాగారు. దైవవాణి చెప్పిన మీదట, ఎరిగోనే జ్ఞాపకంగా పిల్లలు ఉయ్యాలలూగే ఆచారం పెట్టారు. దాని పేరు 'ఐయోరా'. పాత కుండల మీద ఉయ్యాల ఊగే అమ్మాయిల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక్కడ దేవుణ్ణి ఆదరించినవాడే చచ్చిపోయాడు చూడండి. కాదంటే శిక్ష, అవునన్నా క్షేమం లేదు. మొదటి నాటకకర్త ఈ కథ పుట్టిన పల్లెలోంచి రావడం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది.

రంగులపెట్టె | మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను పరిషత్తు నాటకాలకు ముప్పై ఏళ్ళుగా మేకప్ చేస్తున్నాను. ఈ మాటల్లో నాకు బాగా తెలిసింది ఒకటే, మాస్కు.

గ్రీకులో మాస్కును 'ప్రోసోపాన్' అంటారు. ముఖాన్ని కూడా ప్రోసోపాన్ అనే అంటారు. రెండు మాటల్లేవు. అంటే మాస్కు పెట్టుకోవడమంటే ముఖం దాచుకోవడం కాదు, ఇంకో ముఖం తెచ్చుకోవడం. నారగుడ్డ, జిగురు లాంటివాటితో చేసేవాళ్ళు, అందుకే అసలు మాస్కు ఒక్కటీ మిగల్లేదు. మట్టి నమూనాలూ కుండల మీద బొమ్మలే మనకు ఆధారం. ఇటలీలో రూవో అనే ఊళ్ళో దొరికి, ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉన్న పెద్ద కుండ ఒకటి ఉంది. జంట పిల్లనగ్రోవి ఊదే ప్రోనోమస్ అనే వాద్యకారుడు మధ్యలో కూర్చుంటాడు కాబట్టి దాన్ని ప్రోనోమస్ కుండ అంటారు. క్రీ.పూ. 400 ప్రాంతం. నటులు మాస్కులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంటారు. ఫొటోలో దగ్గరగా చూడండి. ఒక కుర్రాడు మాత్రం మాస్కు పెట్టేసుకుని అప్పుడే అడుగు వేస్తుంటాడు. పక్కనున్నవాళ్ళు ఇంకా మనుషులే, వాడొక్కడూ సాటిర్ (డయోనైసస్ వెంట తిరిగే సగం మనిషి, సగం జంతువు) అయిపోయాడు. మేకప్ గదిలో ఆ క్షణాన్ని నేను కొన్ని వందలసార్లు చూశాను.

అప్పట్లో నటులంతా మగవాళ్ళే. ఆడవేషాలూ వాళ్ళే. ఎత్తు మడమల బూట్లు వేసుకుని నడిచేవాళ్ళు.

లిపిపిచ్చి | మంగళవారం, మధ్యాహ్నం 2:02

రంగులపెట్టె గారూ, మాస్కు గురించి ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. బూట్ల దగ్గర ఒక చిన్న దిద్దుబాటు. ఎత్తు అడుగున్న బూట్లు తర్వాతి కాలానివి. సోఫోక్లిస్ రోజుల్లో 'కోథోర్నోస్' అంటే మెత్తటి తోలు బూటు, ఏ కాలికైనా పట్టేది. అందుకే ఏ పక్షానికైనా సరిపోయే థెరమెనీస్ అనే రాజకీయ నాయకుడికి 'కోథోర్నోస్' అని పేరు పెట్టారు.

నటుణ్ణి వాళ్ళు 'హిపోక్రిటిస్' అన్నారు. జవాబు చెప్పేవాడు, లేదా అర్థం విప్పి చెప్పేవాడు అని. కోరస్‌కు జవాబిచ్చేవాడు కదా. తర్వాత్తర్వాత అదే మాటకు కపటి అనే అర్థం వచ్చింది. కొత్త నిబంధన గ్రీకులో ఈ మాటే ఉంటుంది. తెలుగు బైబిల్లో దాన్ని 'వేషధారులు' అన్నారు. ఆ అనువాదం చేసినవాళ్ళకు దండం పెట్టాలి. కపటి అని రాసి ఊరుకోకుండా, ఆ మాటలో దాక్కున్న నటుణ్ణి కూడా తెలుగులోకి తెచ్చారు.

రంగులపెట్టె | మంగళవారం, మధ్యాహ్నం 2:20

దిద్దినందుకు థాంక్సండీ. బూట్ల విషయం ఏళ్ళ తరబడి తప్పుగా చెప్తున్నాను. వేషధారి మాట మాత్రం ఇక మర్చిపోను.

సముద్రఘోష | మంగళవారం, రాత్రి 11:48

ఓడలో ఇంజినీరును. మా ఓడ పిరయస్ రేవులో ఆగినప్పుడు ఒక పూట సెలవు దొరికితే ఏథెన్స్ వెళ్ళాను. ఆక్రోపోలిస్‌కు దక్షిణం వాలులో డయోనైసస్ థియేటర్ ఉంది. ముందువరసలో పాలరాతి కుర్చీలు ఉన్నాయి, మొదట 67 ఉండేవట. సరిగ్గా మధ్యలో ఉన్నది పెద్దది, చేతులానించుకునేలా, చుట్టూ చెక్కిన బొమ్మలతో. డయోనైసస్ పూజారి కుర్చీ అని రాసుంది. రాజుదో సేనాపతిదో అనుకున్నాను, పూజారిదట. తాకితే ఎండకు కాలుతోంది.

ఒక సందేహం. సోఫోక్లిస్ నాటకాలు ఆ కుర్చీల ముందే ఆడారా?

పాతపుస్తకం | బుధవారం, ఉదయం 6:40

కాదండీ. రాతి థియేటర్ కట్టించింది లికర్గస్ అనే రాజనీతిజ్ఞుడు, క్రీ.పూ. 330 ప్రాంతంలో. (నేను ముందు చెప్పిన థ్రేస్ రాజు వేరు, పేరు ఒకటే.) సోఫోక్లిస్ రోజుల్లో జనం కూర్చున్నవి చెక్క బల్లలు. కానీ పూజారికి ముందువరస గౌరవం అప్పుడూ ఉంది. క్రీ.పూ. 405లో ఆడిన అరిస్టోఫనీస్ 'కప్పలు' కామెడీలో డయోనైససే ఒక పాత్ర. పాతాళంలో దెయ్యాన్ని చూసి దడుచుకుని, ముందువరసలో కూర్చున్న తన పూజారి వైపు పరుగెత్తి, నన్ను కాపాడు, ఇద్దరం కలిసి తాగుదాం అంటాడు. దేవుడు పూజారి కాళ్ళ దగ్గర పడటం, ఆ పూజారి నిజంగా అక్కడ కూర్చుని ఉండటం! వాళ్ళ భక్తిలో నవ్వుకు కూడా చోటుంది.

నాటకాలు మొదలయ్యే ముందు ఏం జరిగేదో చెప్తాను. పందిపిల్లల్ని కోసి, వాటితో థియేటర్‌ను శుద్ధి చేసేవాళ్ళు. నైవేద్యంగా సారాయి ధారపోసేవాళ్ళు. మిత్రరాజ్యాలు కట్టిన కప్పాన్ని ఆర్కెస్ట్రాలో జనం ముందు పెట్టేవాళ్ళు. యుద్ధంలో చనిపోయినవాళ్ళ కొడుకులు, ఊరి ఖర్చుతో పెరిగి పెద్దయినవాళ్ళు, ఆయుధాలు తొడుక్కుని అందరి ముందూ నడిచేవాళ్ళు. అది చూసిన కళ్ళతోనే జనం యుద్ధంలో ఓడినవాళ్ళ ఏడుపు నాటకం చూసేవాళ్ళు. ఈస్కిలస్ 'పర్షియన్లు' క్రీ.పూ. 472లో ఆడాడు. ఎనిమిదేళ్ళ కిందట తమ ఊరిని తగలబెట్టిన శత్రువుల ఇంటి ఏడుపు అది. ఆ కోరస్ ఖర్చు భరించిన 'కొరేగస్' ఎవరనుకున్నారు? తర్వాత ఏథెన్స్‌కు పెద్ద నాయకుడైన పెరిక్లీస్, అప్పటికింకా కుర్రవాడు.

నాడీపట్టు | బుధవారం, మధ్యాహ్నం 3:30

నేను నర్సును, సాహిత్యం చదవలేదు. పందిపిల్లలతో శుద్ధి అన్నారు కదా. గ్రీకులో ఆ శుద్ధిని ఏమంటారు? నర్సింగ్‌లో 'కథార్టిక్' అని ఒక మాట ఉంది, విరేచనాల మందు. దానికీ కథార్సిస్‌కీ సంబంధం ఉందా?

లిపిపిచ్చి | బుధవారం, సాయంత్రం 5:10

నాడీపట్టు గారూ, ఈ దారంలో ఇంతవరకు వచ్చిన ప్రశ్నల్లో ఇదే గొప్పది.

ఆ శుద్ధి పేరు 'కథార్సిస్' కుటుంబంలోదే. 'కథారోస్' అంటే శుభ్రమైన. హత్య చేసినవాడి మైల పోగొట్టడం కథార్సిస్. గుడినీ సభనూ శుద్ధి చేయడం కథార్సిస్. వైద్యుడు మందిచ్చి కడుపులోని చెడు బయటికి పంపించడమూ కథార్సిసే. అరిస్టాటిల్ తండ్రి వైద్యుడు, మాసిడోనియా రాజు దగ్గర పనిచేశాడు. ఆయనకు ఈ మాట ఇంట్లో వినబడే మాట.

అరిస్టాటిల్ 'కావ్యశాస్త్రం'లో ట్రాజెడీ నిర్వచనం చెప్తూ, జాలి వల్లా భయం వల్లా అలాంటి భావాల కథార్సిస్ జరుగుతుందని ఒక్కసారి అంటాడు. అంతే. వివరం లేదు. 'రాజనీతి' గ్రంథంలో మాత్రం, కావ్యం గురించి రాసినప్పుడు దీన్ని ఇంకా స్పష్టంగా చెప్తానంటాడు. మనకు దొరికిన భాగంలో ఆ వివరణ లేదు. రెండువేల ఏళ్ళ వాదనంతా ఆ ఖాళీలోంచి పుట్టిందే. వైద్యం అర్థమే సరైనదని 1857లో యాకోబ్ బెర్నేస్ గట్టిగా వాదించాడు. ఆయన తమ్ముడి కూతుర్నే తర్వాత ఫ్రాయిడ్ పెళ్ళి చేసుకున్నాడు.

పాతపుస్తకం | బుధవారం, సాయంత్రం 6:00

వైద్యం అర్థం ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. ప్రేక్షకులు వచ్చి కూర్చోకముందే ఆ చోటంతా రక్తంతో శుద్ధి అయి ఉంది. సోఫోక్లిస్ 'ఈడిపస్ రాజు' (తెలియక తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడినవాడి కథ) మొదలయ్యేదే ఊరికి పట్టిన మైల గురించి. దాన్ని ఏ శుద్ధితో పోగొట్టాలి అని రాజు అడుగుతాడు. అలాంటిచోట కథార్సిస్ అనే మాట వింటే గ్రీకువాడికి ముందు గుర్తొచ్చేది విరేచనం మందు కాదు, మైల కడగడం.

నాడీపట్టు | బుధవారం, రాత్రి 8:45

రెండూ వేరువేరని నాకు అనిపించడం లేదండీ. మా వార్డులో ఎవరైనా పోయినప్పుడు, బయటికొచ్చిన ఇంటివాళ్ళు ముందు అడిగేది నీళ్ళు ఎక్కడున్నాయని. కాళ్ళు కడుక్కుంటారు, ముఖం కడుక్కుంటారు, అప్పుడు ఏడుపు వస్తుంది. అది శుభ్రమా, మైల పోగొట్టుకోవడమా, బాధ బయటికి పోవడమా అని విడదీసి చెప్పమంటే నేను చెప్పలేను.

వేసవిజల్లు | బుధవారం, రాత్రి 9:30

నాడీపట్టు గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. కథార్సిస్ ఇక నా నోట్సులోంచి పోదు.

హమార్షియా గురించి కూడా చెప్తారా? లోపం అని రాస్తే ఈడిపస్‌కు ఏ లోపం ఉందో నాకు తెలియడం లేదు. కోపం అంటారు. కోపం అందరికీ ఉంటుంది కదా.

లిపిపిచ్చి | బుధవారం, రాత్రి 10:05

'హమార్టనైన్' అంటే గురి తప్పడం. ఇలియడ్‌లో ఒకడు విసిరిన ఈటె శత్రువుకు తగలకుండా పక్కకు పోతే ఈ మాటే వాడతారు. హమార్షియా అంటే గురి తప్పిన పని. స్వభావంలో పుట్టుకతో ఉన్న మచ్చ కాదు. ఈడిపస్ తల్లిదండ్రుల నుంచి దూరంగా పారిపోతున్నాననుకుని సరిగ్గా వాళ్ళ దగ్గరికే వెళ్ళాడు. ఈటె అటు విసిరాడు, ఇటు తగిలింది. పరీక్షలో "స్వభావ లోపం అని వాడుకలో ఉంది, కానీ మూలార్థం గురి తప్పడం" అని రెండూ రాయండి, ఎవరూ మార్కులు తగ్గించరు.

మాట ఎంత జాగ్రత్తగా పలకాలో ఇంకో సంగతి. క్రీ.పూ. 408లో యూరిపిడిస్ 'ఒరెస్టిస్' ఆడారు. హెగెలోకస్ అనే నటుడు, తుఫాను తర్వాత మళ్ళీ ప్రశాంతత చూస్తున్నాను అనాలి. 'గలీన్' అన్నచోట స్వరం ఎత్తడంలో పొరపాటు పడ్డాడు. దాంతో 'ముంగిసలాంటి జంతువును చూస్తున్నాను' అని వినబడింది. అప్పట్లో ఎలుకల్ని పట్టడానికి దాన్ని ఇళ్ళలో పెంచుకునేవాళ్ళు. వేలమంది జనం గొల్లుమన్నారు. కామెడీ కవులు ఆ ఒక్క పొరపాటును ఏళ్ళ తరబడి ఆడుకున్నారు. గుక్క తిప్పుకునే చోట స్వరం కాస్త జారింది, అంతే. అన్ని వేలమంది చెవులూ ఆ తేడాను పట్టాయి చూడండి.

పెన్నేటిగట్టు | గురువారం, ఉదయం 7:15

నేను నాగార్జునసాగర్ దగ్గర అనుపులో ఉన్న పాత రంగస్థలం చూశాను. ఇక్ష్వాకుల కాలం నాటిది. సాగర్ నీళ్ళలో మునిగిపోకుండా తరలించి మళ్ళీ కట్టారు. మెట్లమీద కూర్చుంటే కింద మాట్లాడేది వినబడుతుంది. అక్కడి గైడు గ్రీకు థియేటర్ అన్నాడు. నిజమేనా?

పాతపుస్తకం | గురువారం, ఉదయం 8:00

అనుపుది నాలుగు పక్కలా మెట్లున్న దీర్ఘచతురస్రం. గ్రీకువాళ్ళది కొండవాలును ఆసరా చేసుకుని, మూడు పక్కలే జనం కూర్చునేలా విసనకర్ర ఆకారంలో ఉంటుంది. నాలుగోపక్క స్కీనీకి వదిలేస్తారు. కట్టడం తీరు వేరు. యవనులతో వ్యాపారం ఉండేది నిజమే, అంతమాత్రాన దీన్ని గ్రీకు థియేటర్ అనేయలేం.

నిజంగా మన వైపుతో ముడిపడ్డది ఇంకోటి ఉంది. ఈజిప్టులో ఆక్సిరింకస్ చెత్తకుప్పల్లో దొరికి 1903లో అచ్చయిన ఒక పాపిరస్. గ్రీకులో రాసిన ప్రహసనం, కథ జరిగేది ఇండియా తీరంలో. కారిటియన్ అనే గ్రీకు అమ్మాయి ఇక్కడ గుళ్ళో చిక్కుకుంటే, అన్న వచ్చి, ఇక్కడి రాజుకూ వాళ్ళకూ నీళ్ళు కలపని సారాయి పోసి మత్తెక్కించి తీసుకుపోతాడు. ఆ రాజు మాట్లాడే గ్రీకు కాని మాటలు కన్నడమని కొందరన్నారు, ఉత్త ధ్వనులేనని ఇంకొందరన్నారు, తేలలేదు. ఆ సారాయి ఎత్తు మాత్రం యూరిపిడిస్ 'సైక్లోప్స్' నుంచి తెచ్చుకున్నదే. పూర్తిగా మిగిలిన ఒకే ఒక్క సాటిర్ నాటకం అది. మూడు ట్రాజెడీల తర్వాత జనం గుండె తేలికవడానికి నాలుగోదిగా ఆడేది.

రంగులపెట్టె | గురువారం, సాయంత్రం 4:40

నటుల గురించి ఒకటి చెప్పి తీరాలి. పోలస్ అని క్రీ.పూ. నాలుగో శతాబ్దపు పేరున్న నటుడు. సోఫోక్లిస్ 'ఎలెక్ట్రా'లో ఎలెక్ట్రా వేషం. తమ్ముడు చనిపోయాడనుకుని, అతని అస్థికలున్న కలశాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చే ఘట్టం ఉంది. పోలస్‌కు అంతకుముందే కొడుకు పోయాడు. ఆ రోజు అతను కొడుకు సమాధి దగ్గర్నుంచి నిజమైన అస్థికల కలశం తెచ్చి, దాన్ని పట్టుకుని ఏడ్చాడట.

ఇది చెప్పినప్పుడల్లా కుర్ర నటులు అది గొప్ప నటన అంటారు. నాకు మాత్రం అది నటనా కాదా అని ఇప్పటికీ తేలదు. మాస్కు వెనక అతని కన్నీళ్ళు ఎవరికీ కనబడవు. గొంతు ఒక్కటే వినబడుతుంది.

పెన్నేటిగట్టు | గురువారం, సాయంత్రం 5:05

మరీ సొంత బాధ అయితే జనం తట్టుకోలేరు కూడా. ఫ్రినికస్ అనే కవి 'మిలేటస్ పతనం' ఆడితే, అప్పుడే పర్షియన్ల చేతిలో నాశనమైన తమవాళ్ళ ఊరు గుర్తొచ్చి థియేటరంతా ఏడ్చిందట. సొంత కష్టాలు గుర్తుచేసినందుకు వెయ్యి డ్రాక్మాలు జరిమానా వేసి, ఆ నాటకం ఇంకెవరూ ఆడకూడదన్నారని హెరోడోటస్ రాశాడు.

వేసవిజల్లు | గురువారం, రాత్రి 9:50

మా హాస్టల్లో నలుగురు అమ్మాయిలం కలిసి ఆదివారం ఒక నాటకం పైకి చదవాలనుకుంటున్నాం. పాతపుస్తకం గారు చెప్పిన పెంథియస్ కథ, 'బాకే'. పాత్రలు చాలా ఉన్నాయి, మేం నలుగురమే. ఎలా పంచుకోవాలి?

పాతపుస్తకం | శుక్రవారం, ఉదయం 6:30

నలుగురు చాలా ఎక్కువమ్మా. వాళ్ళు ముగ్గురితోనే ఆడేవాళ్ళు. ఈస్కిలస్ రెండో నటుణ్ణి తెచ్చాడు, సోఫోక్లిస్ మూడో నటుణ్ణి తెచ్చాడు, అక్కడితో ఆగింది. నాలుగో అమ్మాయి కోరస్. మన బుర్రకథలో వంతల్లాగా ఊరికే తందాన అనదు, వాదిస్తుంది, భయపడుతుంది, దేవుణ్ణి పిలుస్తుంది. ఒకవైపు తిరుగుతూ పాడేది స్ట్రోఫీ, అదే చందస్సులో మళ్ళీ ఇటు తిరిగి పాడేది యాంటిస్ట్రోఫీ. గదిలో నిజంగా తిరుగుతూ చదవండి, ఇక మర్చిపోరు.

ఒకరు డయోనైసస్, గుడ్డి జోస్యుడు టైరీసియస్. ఒకరు కాడ్మస్. మిగతా చిన్న వేషాలు వీలునుబట్టి పంచుకోండి. పెంథియస్, అతని తల్లి అగావే, ఈ రెండూ మాత్రం ఒక్కరే చదవండి. అప్పుడు కూడా ఒకే నటుడు ఆడాడని చాలామంది పండితులు అనుకుంటారు. కొడుకుగా చనిపోయి, తల్లి మాస్కుతో తిరిగొస్తాడు. చేతిలో కొడుకు తల. ఆ తల బహుశా కాసేపటి క్రితం తాను పెట్టుకున్న మాస్కే.

రంగులపెట్టె | శుక్రవారం, ఉదయం 9:10

అమ్మా, కాగితం గుజ్జుతో ఒక మాస్కు చేసుకోండి. బెలూన్ ఊది, దానిమీద న్యూస్‌పేపర్ ముక్కలు మైదా పిండి జిగురుతో ఐదారు పొరలు అంటించండి. ఫ్యాన్ కింద రెండు రోజులు ఆరాలి, కాబట్టి ఈరోజే మొదలుపెట్టండి. నోటి దగ్గర కన్నం పెద్దగా ఉంచండి, గొంతు మూసుకుపోకూడదు.

అగావే చదివే అమ్మాయి దాన్ని చేత్తో పట్టుకుని, ముఖం జనం వైపు పెట్టాలి. ఆమె దాన్ని సింహం తల అనుకుంటుంది, గర్వంగా చూపిస్తుంది. తండ్రి కాడ్మస్ ముందు ఆకాశం చూడమంటాడు. మునుపటిలాగే ఉందా, మారిందా అని అడుగుతాడు. కొంచెం తేటగా ఉందంటుంది. అప్పుడు, నీ చేతిలో ఉన్నది ఎవరి ముఖం అని అడుగుతాడు. ఆ ప్రశ్న దగ్గర తొందరపడొద్దని ఆ అమ్మాయికి చెప్పండి. అంతవరకు మాస్కు వైపు చూడనివ్వకండి.

వేసవిజల్లు | శుక్రవారం, రాత్రి 10:20

బెలూన్ తెచ్చాం. మూడు పొరలు అయ్యాయి, నాలుగోది ఆరుతోంది. అగావే నేనే చదువుతున్నాను.